ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే లేని హైదరాబాద్‌లో ఇళ్ళ ధర ఎందుకు దిగదు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: "ముంబైలో, అమెరికాలో ఇళ్ళు అంత ఖరీదు కావడానికి జోనింగ్ నిబంధనలే, అంటే ఏ నేలలో ఏం కట్టొచ్చన్న రూల్సే, కారణమంటారు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి (ప్లాటు సైజును బట్టి మొత్తం ఇంతే కట్టాలన్న హద్దు) లేదు, ఎన్ని అంతస్తులైనా లేపుకోవచ్చు. మరి కొండాపూర్‌లో మామూలు టూ బీహెచ్‌కే నా జీతానికి ఎందుకు అందడం లేదు? నిబంధనల వల్ల ఇళ్ళ కొరత అనేది నిజమా, బిల్డర్లు చెప్పే సాకా? కాలిఫోర్నియాలో ఉన్న మా అక్కేమో మీ దగ్గర అంతా ఫ్రీ కదా అంటుంది."

జవాబు ముందే చెప్పేస్తాను. నిబంధనల వల్ల ఇళ్ళు తగ్గుతాయన్నది నిజమే. మన ఊళ్ళో ఆ పని ఎఫ్‌ఎస్‌ఐ బదులు రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్ (ప్లాటు చుట్టూ వదలాల్సిన ఖాళీ), ప్లాటు సైజు చేస్తున్నాయి. ఈ మూడూ కలిసి రెండు రకాల కట్టడాలకే దారి వదిలాయి. ఒకటి, ఐదెకరాల మీద లేచే పెద్ద టవర్లు. రెండు, నూరు గజాల్లో పర్మిషన్ లేకుండా లేచే నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు. జీతం మీద బతికే మనిషి కొనగలిగేది వీటి మధ్యలో ఉంటుంది: కాలనీలో పది పన్నెండు ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంట్. నలిగిపోతున్నది అదే.

నేను ఆర్కిటెక్ట్‌ని. ప్లాన్లు గీసి పాస్ చేయించడం ఇరవై మూడేళ్ళుగా నా పని. మొదట్లో ట్రేసింగ్ షీట్ల మీద గీసి, అమోనియా వాసన కొట్టే ప్రింట్లు చంకలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి. ఇప్పుడు అంతా ఆన్‌లైన్. దారి మారింది కానీ ప్లాటు దగ్గరికి వెళ్ళగానే నేను చేసే మొదటి పని మారలేదు. టేపు తీసి ఎదుటి రోడ్డు కొలుస్తాను. ప్లాటు తర్వాత.

ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. ఎఫ్‌ఎస్‌ఐ అంటే తెలిసిందే. వెయ్యి గజాల ప్లాటుకు ఎఫ్‌ఎస్‌ఐ 2 అంటే అన్ని అంతస్తులూ కలిపి రెండు వేల గజాల కట్టుబడి. ముంబైలో 1991 నిబంధనల ప్రకారం దీవి భాగంలో 1.33, శివార్లలో 1. కోటికి పైగా జనం ఉన్న ఊరికి ఇది చాలా తక్కువ. ఆ తర్వాత అక్కడ అదనపు ఎఫ్‌ఎస్‌ఐ కొనుక్కోవడమే ఒక వ్యాపారమైపోయింది. హైదరాబాద్ వేరే దారి పట్టింది. 2006 మార్చిలో వచ్చిన జీవో 86 ఎఫ్‌ఎస్‌ఐ లెక్కను తీసేసి, ఎత్తును రోడ్డు వెడల్పుకూ చుట్టూ వదిలే ఖాళీకీ ముడిపెట్టింది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 అదే పద్ధతిని రాష్ట్రమంతటికీ తెచ్చింది. మనం "లిమిట్ లేదు" అని చెప్పుకునేది ఇక్కడి నుంచే వచ్చింది.

ఇప్పుడు ఆ 168లోని హైరైజ్ పట్టిక చూడండి. హైరైజ్ కట్టాలంటే ముందు ప్లాటు కనీసం 2,000 చదరపు మీటర్లుండాలి, అంటే దాదాపు అర ఎకరం. 21 మీటర్ల ఎత్తు దాకా అయితే 12 మీటర్ల రోడ్డు ఉండాలి, చుట్టూ 7 మీటర్లు వదలాలి. 35 మీటర్ల ఎత్తుకు 24 మీటర్ల రోడ్డు, చుట్టూ 11 మీటర్లు. 50 మీటర్లకు 30 మీటర్ల రోడ్డు, చుట్టూ 14 మీటర్లు. తర్వాత సవరణలు వచ్చాయి కానీ లెక్క అర్థం కావడానికి ఈ పట్టిక చాలు.

అర ఎకరం ప్లాటు 40 మీటర్లకు 50 మీటర్లు ఉందనుకుందాం. చుట్టూ 7 మీటర్లు వదిలితే మధ్యలో మిగిలేది 26కి 36, అంటే 936 చదరపు మీటర్లు. ఏడంతస్తులకు 6,552. సరే, ఎత్తు పెంచుదాం. 35 మీటర్లకు వెళ్తే 11 మీటర్లు వదలాలి. మిగిలేది 18కి 28, అంటే 504. పదకొండంతస్తులు వేసినా 5,544. యాభై మీటర్లకు వెళ్తే మిగిలేది 12కి 22. పదహారంతస్తులు లేపినా మొత్తం 4,224. ఎత్తు పెరుగుతుంటే ఇళ్ళు తగ్గుతున్నాయి!

అదే ఐదెకరాల ముక్క తీసుకోండి, 125కి 160 మీటర్లు. ఏడు మీటర్లు వదిలి ఏడంతస్తులు వేస్తే 1,13,000 చదరపు మీటర్ల పైచిలుకు. పద్నాలుగు మీటర్లు వదిలి పదహారు వేస్తే 2,04,000 పైనే. (పిల్లలు ఆడుకోవడానికి వదిలే టాట్‌లాట్, బ్లాకుల మధ్య దూరం, లోపలి రోడ్లు నేను ఈ లెక్కలో వేయలేదు. అవి తీస్తే రెండు అంకెలూ బాగా తగ్గుతాయి, కానీ ఏది ఎక్కువన్నది మారదు.)

"లిమిట్ లేదు" అన్న మాట ఐదెకరాలు ఉన్నవాడికి నిజం. అర ఎకరం ఉన్నవాడికి సెట్‌బ్యాకే ఎఫ్‌ఎస్‌ఐ. ఎనిమిది వందల గజాలున్నవాడు హైరైజ్ పట్టికలోకే రాడు.

ఆ ఎనిమిది వందల గజాల కథే ఒకటి చెప్తాను. సికింద్రాబాద్ వైపు పాత కాలనీ. ముగ్గురు అన్నదమ్ములు, ఒక అక్క. నాన్నగారు కట్టిన పెంకుటింటి స్థానంలో డెబ్బైల్లో వేసిన డాబా. ప్లాటు ముందువైపు 60 అడుగులు, లోపలికి 120. వాళ్ళ ఆలోచన తేలికైనదే. డెవలప్‌మెంట్‌కి ఇద్దాం, పది ఫ్లాట్లు వస్తాయి, ఐదు బిల్డరుకి, ఐదు మనకి; నలుగురికి నాలుగు, అమ్మ పేరున ఒకటి. నన్ను పిలిచారు. లేఔట్ కాగితంలో రోడ్డు 30 అడుగులు. నేనూ, మా కుర్రాడూ టేపు పట్టి కొలిస్తే ఎదురింటి ర్యాంపుకీ ఈ గోడకీ మధ్య 24. మాస్టర్ ప్లాన్‌లో ఆ వీధిని 40 అడుగులు చేయాలని ఉంది. అంటే వీళ్ళ వాటాగా ముందు ఎనిమిది అడుగులు వదలాలి. 60 అడుగుల ముఖానికి 480 చదరపు అడుగులు, 53 గజాలు పోయినట్టు. సెట్‌బ్యాకులన్నీ ఆ కొత్త గీత నుంచి మొదలవుతాయి. కింద స్తంభాల మీద ఖాళీగా వదిలే స్టిల్ట్ అంతస్తు మొత్తం కార్లకే. మూడు రకాలుగా గీసి చూశాను, అంతస్తుకి రెండు చొప్పున ఎనిమిది దాటలేదు. ఎనిమిదికి ఫిఫ్టీ ఫిఫ్టీ అంటే బిల్డరుకు గిట్టదు. సిక్స్టీ ఫార్టీ అంటే అమ్మ ఫ్లాటు పోవడమే కాదు, నలుగురిలో ఒకరికి పూర్తి ఫ్లాటు రాదు. రెండేళ్ళు మాటలు నడిచాయి. అన్నదమ్ముల్లో పెద్దాయన నాతోనే అన్నారు, "బాబూ, నువ్వు ఇల్లు కొలవడానికి వచ్చావా, వీధి కొలవడానికి వచ్చావా?" అని.

ఆ డాబా ఇప్పటికీ అలాగే ఉంది. కింద పెద్దావిడ, పైన అద్దెకు ఒక కుటుంబం. మెట్రో స్టేషన్‌కి పది నిమిషాల నడక. అక్కడ రావాల్సిన ఎనిమిదో పదో ఇళ్ళు రాలేదు. రాని ఇల్లు ఏ లెక్కలోనూ కనిపించదు. ఆగిపోయిన టవర్ గురించి పేపర్లో వార్త వస్తుంది, గీతల దగ్గరే ఆగిపోయిన చిన్న అపార్ట్‌మెంట్‌కు వార్త ఉండదు. నా బీరువాలో అలాంటి ఫైళ్ళు కనీసం ఒక అర నిండా ఉన్నాయి.

అదే వీధి చివర ఒకాయన మాత్రం రూల్ ప్రకారం ఎనిమిది అడుగులు వదిలి కట్టాడు. అటూ ఇటూ ఎవరూ వదల్లేదు కాబట్టి రోడ్డు మాత్రం 24 అడుగులే. ఆయన వదిలిన ఎనిమిది అడుగుల గూట్లో ఇప్పుడు ఇస్త్రీ బండి ఉంది. పాపం, ఇస్త్రీ చేసేవాడికైనా పనికొచ్చింది. ఇలా వదిలినదానికి టీడీఆర్ అనే కట్టుబడి హక్కు కాగితం ఇస్తారు, దాన్ని అమ్ముకోవచ్చు, వేరే చోట అదనపు కట్టుబడికి వాడుకోవచ్చు. మంచి ఆలోచనే. కానీ ఆ కాగితాన్ని కొనేది ఎక్కువగా పెద్ద ప్రాజెక్టు వాళ్ళు. అంటే పాత కాలనీలో రాని ఇల్లు ఊరి చివర టవర్లో ఒక అంతస్తుగా తేలుతుంది.

ఇంత చెప్పి, రూల్స్ రాసినవాళ్ళకు బుద్ధి లేదంటే నేను ఒప్పుకోను. ఏడు మీటర్ల ఖాళీ ఉండేది ఫైరింజన్ చుట్టూ తిరగడానికి. 24 అడుగుల వీధిలో ఇరవై ఇళ్ళు కట్టి, రెండు వైపులా కార్లు పెట్టాక మంటలొస్తే ఇంజన్ ఎక్కడిదాకా వస్తుందో మీరే ఊహించుకోండి. నా అభ్యంతరం ఖాళీ వదలమనడం మీద కాదు. కార్లకు ఇచ్చిన విలువ మీద. కట్టే వైశాల్యంలో ఇంత శాతం పార్కింగ్ ఉండాలన్నది గచ్చిబౌలి చివరకైనా, మెట్రో పిల్లరు పక్కనైనా ఒకటే లెక్క. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. స్టేషన్ పక్క వీధిలో ఉండేవాడికీ కారు చోటు కట్టి తీరాల్సిందే, దాని ఖర్చు ఫ్లాటు ధరలో కలిపి తీరాల్సిందే.

ఇక జోన్ల సంగతి. హెచ్‌ఎండీఏ మాస్టర్ ప్లాన్ 2031 అమల్లోకి వచ్చింది 2013లో. పటంలో పసుపు రంగు ఉంటే రెసిడెన్షియల్, ఆకుపచ్చ ఉంటే కన్జర్వేషన్. పసుపులో ఇల్లు కట్టొచ్చు, ఆకుపచ్చలో వ్యవసాయం చేసుకోవాలి. గీత ఎక్కడో ఒకచోట పడాలి, నిజమే. కానీ పడ్డచోట ఏమవుతుందో చూడండి. ఊరికి ఉత్తరాన ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. రెండెకరాల పై చిలుకు. పటం తెరిచి సర్వే నంబరు వెతికితే గీత సరిగ్గా ఆయన బోరు దగ్గర పడింది. బోరుకు ఇటు అర ఎకరం పసుపు, అటు మిగతాదంతా ఆకుపచ్చ. పక్క పొలం మొత్తం పసుపే, అప్పటికే లేఔట్ అయిపోయి కడీలు కూడా పాతేశారు. "మా పొలానికి పచ్చ రంగు ఎవరు ఏసిండ్రు సార్? నేనైతే ఏయలే" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

దారి ఉంది. భూ వినియోగ మార్పిడికి, అదే సీఎల్‌యూకి, అప్లై చేయాలి. కానీ అది ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో ఫైలు. ఎప్పుడు వస్తుందో చెప్పలేం. ఈలోపు డబ్బు ఖాళీగా కూర్చోదు. చిన్న బిల్డర్ బ్యాంకు లోనుతో భూమి కొనడు, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కొంటాడు. నాలుగు కోట్లకు నెలకు ఎనిమిది లక్షలు. పద్దెనిమిది నెలలు ఫైలు కదలకపోతే కోటీ నలభై నాలుగు లక్షలు. ఇరవై ఫ్లాట్ల మీద పంచితే ఫ్లాటుకి ఏడు లక్షల ఇరవై వేలు. ఇటుక పేర్చలేదు, సిమెంట్ బస్తా దిగలేదు. మీరు ధర అడిగినప్పుడు ఈ ఏడు లక్షలు అందులో ఉంటాయి. మన దగ్గర నిబంధనల ఖర్చు అంటే చాలాసార్లు ఈ ఎదురుచూపు ఖర్చే. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఇక్కడ నిజంగా మేలు చేసింది. 75 గజాల లోపు చిన్న ఇంటికి పర్మిషనే అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా సొంత హామీ మీద వెంటనే పర్మిషన్. అంతకంటే పెద్దవాటికి 21 రోజుల గడువు. కానీ అది ప్లాన్ పాస్ కావడానికే. జోన్ మారడానికి కాదు.

దారి మూసేస్తే జనం ఇల్లు కట్టడం మానరు, పర్మిషన్ అడగడం మానేస్తారు. మీరు కొండాపూర్ అన్నారు కాబట్టి అంజయ్యనగర్, సిద్దిఖ్‌నగర్ వైపు ఒకసారి నడిచి చూడండి. వంద గజాల లోపు ప్లాట్లు, ఇటు బాల్కనీ నుంచి అటు బాల్కనీకి చెయ్యి అందుతుంది. మెట్ల కింద నీళ్ళ క్యాన్లు, గేటుకు పీజీ బోర్డు, వాకిట్లో ముప్పై జతల చెప్పులు. నూట యాభై గజాల ప్లాటుకైనా ఇచ్చే ఎత్తు 10 మీటర్లు, అంటే మూడంతస్తులు. కానీ దగ్గర్లోని ఆఫీసుల్లో పని చేసేవాళ్ళు లక్షల మంది. అద్దె వస్తుంటే మూడు దగ్గర ఎవరు ఆగుతారు? 2024 నవంబరులో సిద్దిఖ్‌నగర్‌లో పక్క ప్లాటులో పునాదికి తవ్వుతుంటే ఒక బిల్డింగ్ పక్కకు ఒరిగిపోయింది, లోపలివాళ్ళు పరుగున బయటపడ్డారు. మీకు గుర్తుండే ఉంటుంది.

ప్రభుత్వాలు దీనికి వేసిన మందు క్రమబద్ధీకరణ. కట్టడాలకు బీఆర్‌ఎస్, లేఔట్లకు ఎల్‌ఆర్‌ఎస్, అంటే రూల్‌కి బయట ఉన్నవాటిని ఫీజు కట్టించుకుని ఒప్పుకునే పథకాలు. 2007 చివర్లో ఒకటి, 2015లో ఒకటి, 2020లో ఎల్‌ఆర్‌ఎస్. ఆ చివరిదానికి రాష్ట్రం మొత్తం మీద వచ్చిన దరఖాస్తులు పాతిక లక్షల పైన. ఆ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పాతిక లక్షల ప్లాట్లు రూల్‌కి బయట ఉన్నాయంటే తప్పు జనానిదేనా? నా క్లయింట్లలో సగం మంది "ముందు కట్టేద్దాం సార్, తర్వాత ఫైన్ కట్టుకుంటాం" అంటారు. నేను సంతకం పెట్టను కాబట్టి కొందరు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్తారు. వాళ్ళు కట్టుకుంటారు, బాగానే ఉంటారు కూడా. అది వేరే బాధ.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. సడలిస్తే చౌకవుతాయా? ఒక లెక్క చూడండి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఎకరానికి 43,560 చదరపు అడుగులు. భూమికి మూడింతలు మాత్రమే కట్టనిస్తే అడుగు కట్టుబడి మీద భూమి భారం దాదాపు 7,650 రూపాయలు. పదింతలు కట్టనిస్తే 2,300. బిల్డర్ వంద కోట్లు ఎలా పెట్టగలిగాడన్నదానికి జవాబు ఇందులోనే ఉంది. ఎత్తుకు హద్దు లేదని తెలుసు కాబట్టే అంత పాట పాడాడు. అంటే సడలింపు వల్ల వచ్చిన లాభం కొనేవాడికి చేరకముందే భూమి ధరలో కలిసిపోయింది.

అందుకే ఒక మూలకు మాత్రమే సడలిస్తే ఆ మూల భూమి ధర పెరుగుతుంది. ఊరంతా సడలిస్తేనే ఇంటి ధర మీద ఒత్తిడి తగ్గుతుంది. పడమట విశాలమైన రోడ్లు, పెద్ద ముక్కలు ఉన్నాయి కాబట్టి హద్దులేని ఎత్తు అక్కడే పనికొస్తుంది, కొనేవాళ్ళూ అక్కడే పోటీ పడతారు. ఎల్‌బీ నగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి పాత కాలనీల్లో ఇరవై ముప్పై అడుగుల వీధుల్లో ఉన్న వేలాది ప్లాట్లు కూడా ఒక్కొక్కటీ నాలుగు ఇళ్ళు ఎక్కువ ఇవ్వగలిగితే భూమి అమ్మేవాడికి ఇంత మొండితనం ఉండదు. కొనేవాడికి పోవడానికి ఇంకో చోటు ఉంటుంది కాబట్టి.

ఈ మాట నా సొంత తెలివి కాదు. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో 2016లో ఊళ్ళోని నివాస స్థలాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు ఒకేసారి ఎక్కువ ఇళ్ళు కట్టుకునే వీలిచ్చారు. ఆ తర్వాత అక్కడ పర్మిషన్లు గట్టిగా పెరిగాయి, ముఖ్యంగా వరస ఇళ్ళ లాంటి మధ్యరకానివి. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1998లో నగరం నడిబొడ్డున ఇంటికి కావాల్సిన కనీస స్థలాన్ని 5,000 చదరపు అడుగుల నుంచి 1,400కు తగ్గించే వీలిచ్చారు. 1,400 అంటే మన లెక్కలో నూట యాభై ఐదు గజాలు. ఒక పాత ఇల్లున్న చోట మూడు ఇళ్ళు లేచాయి.

మీ అక్కగారి మాటకు జవాబు: ఆవిడ అన్నది సగం నిజం. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్న బే ఏరియాలో ఇళ్ళున్న నేలలో ఎక్కువ భాగం ఏళ్ళ తరబడి ఒక ప్లాటుకు ఒకే ఇల్లు అన్న జోన్‌లోనే ఉంది. పక్కింటివాళ్ళు అభ్యంతరం పెడితే ప్రాజెక్టు ఏళ్ళకేళ్ళు ఆగుతుంది. ఆ లెక్కన మనది స్వేచ్ఛే. కానీ వాళ్ళు కాస్త తేరుకున్నారు. కాలిఫోర్నియాలో పెరట్లో చిన్న ఇల్లు వేసుకోవడాన్ని 2016 తర్వాతి చట్టాలు బాగా తేలిక చేశాయి. 2021లో చేసిన ఎస్‌బీ 9 ఒక ఇంటి ప్లాటును రెండుగా విడదీసుకునే వీలిచ్చింది. ఆరు నెలలు ఉండడానికి వెళ్ళే మన అమ్మానాన్నలకు పెరటి ఇల్లు ఎంత సుఖమో మీ అక్కగారినే అడగండి. వాళ్ళ రూల్ ఇల్లు వద్దంటుంది, మన రూల్ వద్దనదు, వెళ్ళి రోడ్డు వెడల్పు చేసుకు రమ్మంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. సడలించాలి అనగానే కొందరు మొదట ఎత్తేది జీవో 111. 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలకు పెట్టిన ఆంక్ష, దాదాపు 1,32,000 ఎకరాలు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు, దాని మీద వాదాలు తేలడం లేదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇళ్ళ కోసం ఆ ఎకరాలు అక్కర్లేదు. 1908 వరద తర్వాత కట్టిన చెరువులవి, మూసీకి పైన ఉన్న కాపలా. హైదరాబాద్‌కి నేల కరువు లేదు. రోడ్డు, నీళ్ళు, డ్రైనేజీ ఇప్పటికే ఉన్న చోట కట్టనిచ్చే నేల కరువు. చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ వదలాల్సిన నేల) గురించీ ఇదే మాట. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు వదలమంటే నేను ఒక్క అడుగు కూడా బేరమాడను. 2020 అక్టోబరులో ఆ బఫర్లలో ఇళ్ళు కొన్నవాళ్ళు నడుము లోతు నీళ్ళలో ఫ్రిజ్‌లు మోసుకుంటూ ఫోన్లు చేశారు. అందులో ఒకరు నా చిన్ననాటి స్నేహితుడు. కొనేముందు నన్ను అడగలేదు.

ఇంకో మాట. జోనింగ్ ఒక్కటే కారణం అనుకోకండి. ఉద్యోగాలన్నీ ఒకే మూలకు చేరాయి. రెండో ఇల్లు, మూడో ఇల్లు పెట్టుబడిగా కొనేవాళ్ళున్నారు. టైటిల్ గొడవల్లో ఇరుక్కున్న భూములు ఎన్నో. పడమట టవర్లు లేచాక వేసవిలో ట్యాంకర్ల కోసం గేట్ల దగ్గర క్యూ చూస్తూనే ఉన్నాం. ఎన్ని కట్టనివ్వాలి అన్నదానికి ఎన్ని నీళ్ళు, ఎంత మురుగు కాలువ అన్నది కూడా ఒక హద్దే. పెద్ద కట్టడాల దగ్గర ఇంపాక్ట్ ఫీజు అందుకే తీసుకుంటారు. ఆ డబ్బు ఆ వీధికే తిరిగి రావాలని నా గోల.

నన్ను అడిగితే మార్చాల్సినవి మూడున్నాయి. మెట్రోకి నడిచి వెళ్ళే దూరంలో పార్కింగ్ లెక్క సగం చేయడం. పక్కపక్క ప్లాట్ల వాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి కడితే వాటి మధ్య సెట్‌బ్యాక్ వదలడం నుంచి మినహాయించి, ఫైర్ దారి మాత్రం ఒకటి గట్టిగా పెట్టించడం. ఇప్పుడు కలపాలంటే రిజిస్ట్రేషన్, వాటాలు, స్టాంపు డ్యూటీ అని ఎవరూ దాని జోలికి పోరు. మూడోది, సీఎల్‌యూ ఫైళ్ళు ఒక్కోటిగా కాకుండా గ్రామం మొత్తానికి ఐదేళ్ళకోసారి పటం తిరగరాయడం. రైతు బోరు మీద గీత పడితే కనీసం ఎందుకు పడిందో చెప్పేవాడు ఉండాలి.

చివరగా, మీరు అడగకపోయినా అడగబోయేది: "అయితే ఆగనా, కొననా?" రూల్స్ మారతాయని ఆగితే మీ పిల్లల స్కూలు కూడా అయిపోతుంది. కొనేటట్టయితే కొండాపూర్‌లో కొత్త టవర్ ఒక్కటే చూడకండి. మియాపూర్, కూకట్‌పల్లి వైపు పాత కాలనీల్లో, 40 అడుగుల రోడ్డు మీద, ఐదంతస్తుల లోపు అపార్ట్‌మెంట్లు కూడా చూడండి. శాంక్షన్ ప్లాన్ అడగండి. అందులో ఎన్ని అంతస్తులు ఉన్నాయి, నిలబడి లెక్కపెడితే ఎన్ని ఉన్నాయి, రెండూ కలవాలి. ఓసీ (కట్టాక ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) కాపీ తీసుకోండి. ఓసీ వచ్చేదాకా కట్టుబడిలో పదిశాతం దాకా పర్మిషన్ ఇచ్చిన ఆఫీసు దగ్గర తాకట్టులో ఉంటుంది. మీకు చూపించే ఫ్లాటు ఆ తాకట్టులో ఉన్నది కాదని రాయించుకోండి. రోడ్డు వెడల్పు ప్లాన్‌లో ఎంత రాశారో చూసి, ఒక ఆదివారం పొద్దున్నే వెళ్ళి మీరే కొలుచుకోండి. టేపు నూట యాభై రూపాయలకు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. ప్లాన్‌లో 40 ఉండి కింద 26 తేలితే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ముందుకు వెళ్ళాలో లేదో చెప్తాను.